ఆపమన్న మందు ఆపాల్సిందే
యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెప్పే ఆరోగ్య పాఠం

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఇంట్లో గర్భిణి ఉంటే అందులో ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉంటాయి. పెద్దవాళ్ళలో ఎవరికైనా కీళ్ళవాతమో సోరియాసిసో ఉంటే మెథోట్రెక్సేట్ ఉండొచ్చు. గోదావరి జిల్లాల్లో మీకు చుట్టాలుంటే బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్రల సంగతి వినే ఉంటారు. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒక్కరే. భీమవరంలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన బృందం నుంచి ఏయే మందులు వచ్చాయో చాలామందికి తెలుసు. అంతగా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ మందులకు ఇవ్వాల్సిన వేళ ఉన్నట్టే, ఇవ్వకూడని వేళ కూడా ఉంది. ఆ రెండోది మరిచిపోతే మేలు చేసే మందే కీడు చేస్తుంది. ఆస్పత్రిలో, నర్సింగ్‌హోమ్‌లో డాక్టరు కొన్నిసార్లు కేస్ షీట్ మీద ఫలానా మందు హోల్డ్ అని రాస్తారు. ఆ మందు చెడ్డదని దానర్థం కాదు. శాశ్వతంగా మానేయమనీ కాదు. మళ్ళీ చెప్పేదాకా ఇవ్వొద్దని. ఆ చిన్న మాటకు అంత విలువ ఎందుకో సుబ్బారావుగారి జీవితం తెలిస్తే మీకే అర్థమవుతుంది.

ఇంట్లోనే చూసిన జబ్బు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. చిన్నప్పుడు డబ్బు సంపాదిద్దామని కాశీకి బయల్దేరితే దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. ఆ వయసులో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుని కూడా జనానికి సేవ చేయొచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, ఆ తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆదుకున్నారు.

అవి గాంధీజీ పిలుపు ఊరూరా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు బట్టలతోనే వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు సోదరులు రోజుల తేడాతో చనిపోయారు. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు వాళ్ళను తీసుకుపోయింది. ఈ జబ్బులో విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటబట్టదు. నాలుక ఎర్రబడి నోరు పూస్తుంది. రక్తం తగ్గి మనిషి పాలిపోతాడు. సుబ్బారావుకూ అదే జబ్బు వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందులతో ఆయన కోలుకున్నారు. ఆ తర్వాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు.

నోటి పూత, విరేచనాలు, రక్తం తగ్గడం. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. చాలా ఏళ్ళ తర్వాత, ఇంకో కారణంతో ఇవే మళ్ళీ వస్తాయి.

బెడ్‌పాన్లు కడిగిన డాక్టరు

1920ల మొదట్లో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. అక్కడ హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల గురించి చదివి డిప్లొమా తీసుకున్నారు. భార్య శేషగిరి ఇండియాలోనే ఉండిపోయారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు.

చేతిలో డాక్టరు చదువు ఉన్నా అక్కడ వైద్యం చేసే వీలు లేదు. కడుపు నింపుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ పనికి కుదిరారు. రోగుల కింద పెట్టే బెడ్‌పాన్లు తీయడం, కడగడం ఆ పనిలో భాగం.

ఈ ముక్క చదివి జాలిపడి ఊరుకోకండి. వార్డులో రోగిని అందరికంటే దగ్గరగా చూసేది ఎవరు? డాక్టరు రౌండ్స్‌లో కొద్ది నిమిషాలు ఉంటారు. మలం నల్లగా వచ్చిందని, మూత్రం తగ్గిందని, పెద్దావిడ నోరు మండుతోందని అన్నం పక్కన పెట్టేసిందని ముందు కనిపెట్టేది ఆయా, వార్డుబాయ్, రాత్రి డ్యూటీ నర్సు, లేదా పక్కనే ఉన్న మీరు. మందు ఆపాలా వద్దా అన్న నిర్ణయం డాక్టరుదే. ఆ నిర్ణయానికి కావాల్సిన మొదటి కబురు మాత్రం మీ దగ్గర్నుంచే వెళ్ళాలి.

పగలు సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధన చేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. అది జీవరసాయన ల్యాబుల్లో వాళ్ళిద్దరి పేరుతోనే స్థిరపడింది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. అదే కాలంలో ఇంగ్లండులోనూ దాన్ని కనుగొన్నారు. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరు చేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నారు.

కండరాల్లోని ఈ క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లు అరిగితే మిగిలేదే క్రియాటినిన్. మీ ల్యాబ్ రిపోర్టులో కిడ్నీ పరీక్ష అంటూ కనిపించే పేరు అదే. కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపకపోతే రక్తంలో దాని అంకె పెరుగుతుంది. ఆ అంకె చూసే డాక్టర్లు చాలా మందుల మోతాదు తగ్గిస్తారు, కొన్నింటిని ఆపుతారు.

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ల్యాబ్స్‌కు వెళ్ళారు. తర్వాత అక్కడ పరిశోధనలకు అధిపతి అయ్యారు.

రక్తం పట్టించే విటమిన్

రక్తహీనతలో ఒక రకం ఆయన్ని ఏళ్ళ తరబడి వెంటాడింది. 1931లో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు ఒక సంగతి ప్రచురించారు. రక్తం బాగా తగ్గిన గర్భిణులకు ఈస్ట్ సారం తినిపిస్తే రక్తం పట్టింది. ఆ సారంలో ఉన్నదేమిటో తెలియలేదు. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను పిండి అలాంటి పదార్థాన్నే కొద్దిగా రాబట్టారు. ఆకును లాటిన్‌లో ఫోలియం అంటారు కాబట్టి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

టన్నుల కొద్దీ ఆకు పిండితే చిటికెడు మందు వస్తే రోగులకు సరిపోదు. దాన్ని ల్యాబులో తయారుచేసే దారిని 1945లో సుబ్బారావు బృందం లోకానికి చెప్పింది. ఆ వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే వాళ్ళు కోలుకున్నారు. నోటి పూత మానింది, రక్తం పట్టింది. ఆయన సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకు మందు ఆయన ల్యాబులోంచే వచ్చింది. ఇవాళ గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగా ఏర్పడటానికి కూడా అవసరం.

ఇంత మంచి విటమిన్‌కు కూడా ఒక హద్దు ఉంది. బీ12 లోపంతో రక్తం తగ్గినవాళ్ళకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పెరుగుతుంది, రిపోర్టు బాగున్నట్టు కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్ళు తిమ్మిర్లెక్కి నడక తడబడేసరికి ఆలస్యమవుతుంది. బలం మాత్ర కదా అని మెడికల్ షాపులో మీరే కొని నెలల తరబడి వాడొద్దని చెప్పేది అందుకే.

ఇవ్వడం ఆపిన చోట మొదలైన మందు

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలు ఆ రోజుల్లో వారాల్లో, నెలల్లో చనిపోయేవారు. రక్తం పట్టించే విటమిన్ వాళ్ళకూ ఉపకరిస్తుందేమోనని లెడర్లే నుంచి వచ్చిన ఫోలిక్ యాసిడ్ రకాలను ఆయన ఇచ్చి చూశారు. జబ్బు తగ్గలేదు సరికదా, మూలుగలో క్యాన్సర్ కణాలు ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు కనిపించింది.

మంచి చేస్తుందనుకున్న మందు చెడు చేస్తోందని ఒప్పుకుని ఆపడం తేలిక కాదు. ఫార్బర్ ఆపారు. ఆపి, తిరగేసి ఆలోచించారు. ఈ విటమిన్ క్యాన్సర్ కణాలకు తిండి అయితే, ఆ తిండి అందకుండా చేస్తే ఎలా ఉంటుంది? సుబ్బారావు బృందం అప్పటికే అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే పదార్థాలు తయారుచేస్తోంది. నకిలీ తాళంచెవి లాంటివి అవి. తాళంలో దూరతాయి, తిరగవు, అసలు చెవిని దూరనివ్వవు. అమినోప్టెరిన్ అలాంటిదే. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. బాగా జబ్బుపడిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే. అయినా మందుతో రక్తక్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని తేలింది. ఇంకో సంగతీ తేలింది. ఆ పిల్లల్లో కొందరికి నోట్లో పుండ్లు లేచాయి. మందు ఎక్కువైందని చెప్పే గుర్తు అది.

ఇప్పుడు సోదరుల జబ్బు లక్షణాలు మళ్ళీ తలుచుకోండి. స్ప్రూలో ఫోలేట్ ఒంటికి పట్టదు కాబట్టి నోరు పూసేది, రక్తం తగ్గేది. మెథోట్రెక్సేట్ ఎక్కువైతే ఫోలేట్ ఒంట్లో ఉన్నా పనిచేయదు. అందుకే అవే లక్షణాలు కనిపిస్తాయి.

ఆ ఏళ్ళలోనే లెడర్లే నుంచి ఇంకో రెండు మందులు వచ్చాయి. ఒకటి 1947లో బయటపడిన హెట్రజాన్, అంటే నేటి డీఈసీ. బోదకాలు నివారణకు మన దేశంలో దీన్ని ఊరందరికీ పంచుతారు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళకు మాత్రం ఇవ్వరు. మాత్రలు పంచడానికి వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరున్నారని అడిగేది అందుకే. దాచకుండా చెప్పండి. రెండోది 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది అదే. టెట్రాసైక్లిన్‌ను పాలతో, ఐరన్ మాత్రతో, గ్యాస్ మందుతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు. పిల్లల పళ్ళు శాశ్వతంగా రంగు మారిపోతాయి.

ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. మెథోట్రెక్సేట్ ఎంత దూరం వెళ్తుందో చూడటానికి ఆయన లేరు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

ఆరు రోజుల విరామం కూడా మందే

1951లో గబ్నర్ అనే అమెరికా డాక్టరు ఈ రకం మందు కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కూ పనిచేస్తుందని చూపించారు. ఆ తర్వాత మెథోట్రెక్సేట్ ఆ జబ్బులకు ముఖ్యమైన మందు అయింది. క్యాన్సర్‌కు ఇచ్చే లెక్క వేరు. కీళ్ళవాతానికి ఇచ్చేది తక్కువ మోతాదు, వారానికి ఒక్కసారి.

ఈ వారానికి ఒక్కసారి అన్నమాటే ప్రాణం. ఎందుకో చూడండి. మన ఒంట్లో కొన్ని కణాలు నిత్యం కొత్తగా పుడుతుంటాయి. ఎముక మూలుగలో రక్తకణాలు, నోటి లోపలి పొర, పేగుల పొర అలాంటివి. కొత్త కణం పుట్టాలంటే ఫోలేట్ కావాలి. వారంలో ఒకరోజు మందు పడితే ఆ కణాలు తగ్గి, మిగతా ఆరు రోజుల్లో తేరుకుంటాయి. రోజూ పడితే తేరుకునే వ్యవధే ఉండదు. మాత్ర చిన్నదైనా సరే, రోజూ వేసుకుంటే కొద్దిరోజుల్లోనే నోరు పుండ్లవుతుంది, తెల్లకణాలు పడిపోతాయి, ఇన్ఫెక్షన్ ఒంటినిండా పాకుతుంది. ప్రపంచంలో చాలా దేశాల్లో ఇలా మరణాలు జరిగాయి. అందుకే 2019లో ఐరోపా మందుల సంస్థ ఈ పొరపాటు జరగకుండా ప్రత్యేక జాగ్రత్తలు ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని అన్ని దేశాలనూ కోరింది.

ఈ విరామాన్ని ఇంకా పొడిగించాల్సిన సందర్భాలూ ఉన్నాయి. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, క్రియాటినిన్ పెరిగినప్పుడు, తెల్లకణాలు తగ్గినప్పుడు. మెథోట్రెక్సేట్ బయటికి పోయే దారి ముఖ్యంగా కిడ్నీలే. ఆ దారి మూసుకుంటే వారం మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. అప్పుడే డాక్టరు హోల్డ్ అని రాస్తారు.

చంద్రశేఖరపురం పెద్దావిడ సంగతి

బోస్టన్ నుంచి ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఉదాహరణకు చంద్రశేఖరపురంలో ఒక పెద్దావిడ ఉందనుకుందాం. కీళ్ళవాతానికి ఒంగోలు డాక్టరు మెథోట్రెక్సేట్ రాశారు, బుధవారం ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. బాగానే ఉంది. ఒకనాడు జ్వరం, విరేచనాలు పట్టుకుంటే కనిగిరిలోనో పామూరులోనో ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. ఇక్కడ పొరపాటు దూరడానికి నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది, చేర్చేటప్పుడు. ఏం మందులు వాడుతోందని నర్సు అడిగితే కొడుకు సంచిలోని స్ట్రిప్పులన్నీ బల్లమీద పెట్టి, రోజూ ఇవే అంటాడు. వారం మందు రోజు మందుగా చార్టులోకి ఎక్కుతుంది. మన చీటీల మీద 1-0-1 అని రాసే అలవాటు ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని. ఆ లెక్కలో వారం మందుకు చోటే లేదు. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ చిన్న మాత్రలే, చాలాసార్లు రెండూ పసుపు రంగులోనే ఉంటాయి. పైగా మెథోట్రెక్సేట్ 2.5, 7.5, 10, 15 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. ఒకటి బదులు ఇంకొకటి వచ్చినా కంటికి ఆనదు.

రెండోది, షిఫ్టు మారేటప్పుడు. పగలు డాక్టరు హోల్డ్ అని రాశారు. రాత్రి నర్సు పాత చార్టు చూసి మాత్ర తీసింది. ఆపమన్న మందు స్ట్రిప్పు ఇంకా ట్రేలోనే ఉంటే ఈ పొరపాటు తేలిక. హోల్డ్ రాసిన వెంటనే చార్టులో ఆ మందు వరుస కొట్టేయాలి, స్ట్రిప్పు ట్రేలోంచి తీసి పక్కన పెట్టాలి, డ్యూటీ అప్పజెప్పేటప్పుడు నోటితో కూడా చెప్పాలి.

మూడోది, మంచం పక్కన. మన దగ్గర ఇది ఎక్కువ. నర్సు మందు ఇవ్వలేదు, సరిగ్గానే ఆపింది. సాయంత్రం వచ్చిన కూతురు, ఈరోజు బుధవారం కదా, అమ్మ కీళ్ళ మాత్ర వీళ్ళు మరిచిపోయారనుకుని ఇంటి సంచిలోంచి తీసి నీళ్ళిచ్చి మింగిస్తుంది. ప్రేమతోనే చేస్తుంది. హోల్డ్ మాత్రం అక్కడే తెగిపోతుంది.

నాలుగోది, కొత్త మందు కలిసినప్పుడు. జ్వరానికి ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కోట్రైమాక్సజోల్ మాత్రలు తీసుకుని ఉండొచ్చు. ఇదీ ఫోలేట్‌నే దెబ్బతీసే యాంటీబయాటిక్. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే మూలుగ కుప్పకూలే ప్రమాదం ఉంది. నొప్పి మాత్రలూ అంతే. కిడ్నీల మీద భారం పెంచి మెథోట్రెక్సేట్ బయటికి పోకుండా చేయగలవు. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ళ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎముకల నొప్పులు, కీళ్ళ నొప్పులు ఇక్కడివాళ్ళకు కొత్త కాదు, నొప్పి మాత్ర ఇంట్లో ఉండటమూ కొత్త కాదు. మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్ళు డాక్టరును అడగకుండా నొప్పి మాత్ర వేసుకోకూడదు. పక్కింటావిడకు గుణమిచ్చింది కదా అని ఫ్లోరైడ్ నొప్పులకు ఆవిడ మెథోట్రెక్సేట్ అడిగి తెచ్చుకోవడం ఇంకా ప్రమాదం. అది ఆ నొప్పికి మందే కాదు.

మీరేం చేయాలి

చేర్చిన రోజే వాడుతున్న మందుల పట్టీ కాగితం మీద రాసివ్వండి. వారం మందు ఉంటే వారం పేరు కూడా రాయండి. బుధవారం మాత్రమే అని స్ట్రిప్పు మీదే పెన్నుతో రాసి పెట్టండి. ఏ జబ్బుకు వాడుతున్నారో కూడా చెప్పండి. ఇంటి నుంచి తెచ్చిన మందులన్నీ నర్సుకు అప్పజెప్పండి, మంచం దగ్గర ఉంచుకోవద్దు. ఏదైనా మందు ఇవ్వలేదనిపిస్తే మీరు ఇవ్వకండి, అడగండి. మరిచిపోయారా, ఆపారా అన్నది ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

మందు ఆపారని తెలిస్తే నాలుగు సంగతులు కనుక్కోండి. ఏ మందు ఆపారు? ఎందుకు ఆపారు? మళ్ళీ ఎప్పుడు, ఏ పరీక్ష చూసి మొదలుపెడతారు? ఆ మాట ఎవరు చెబుతారు? ఈ నాలుగూ డిశ్చార్జి కాగితంలో కూడా ఉండాలి. లేకపోతే రెండు రకాల నష్టం. ఇంటికి వెళ్ళగానే పాత అలవాటుతో ఆపిన మందు మొదలవుతుంది. లేదా, నాలుగు రోజులు ఆపమన్న మందు నాలుగు నెలలు ఆగిపోతుంది. రెండోదీ తక్కువ ప్రమాదం కాదు. రక్తం పలుచబరిచే మాత్ర, ఫిట్స్ మాత్ర, స్టెరాయిడ్ లాంటివి మళ్ళీ మొదలుపెట్టడం మరిచిపోతే పక్షవాతం, ఫిట్స్, బీపీ పడిపోవడం దాకా వెళ్ళొచ్చు.

ఒక వారం మెథోట్రెక్సేట్ తప్పిపోతే రెండు మోతాదులు కలిపి వేసుకోవద్దు, డాక్టరును అడగండి. పొరపాటున రోజూ వేసుకున్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఒంట్లో బాగానే ఉన్నా ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్ళండి, ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్ళండి. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది. మామూలు ఫోలిక్ యాసిడ్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారాలి, ఆ మార్పునే మెథోట్రెక్సేట్ అడ్డుకుంటుంది. ఫోలినిక్ యాసిడ్‌కు ఆ అడ్డు లేదు. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

నోట్లో పుండ్లు, గొంతునొప్పితో జ్వరం, ఒంటిమీద కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి మలం, ఆగని విరేచనాలు, పొడిదగ్గుతో ఆయాసం. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళలో వీటిలో ఏది కనిపించినా తర్వాతి మోతాదు వేసుకునే ముందే డాక్టరుకు చూపించండి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు ఈ మందు వాడకూడదు. వాడుతున్నవాళ్ళు రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు తప్పకుండా చేయించుకోవాలి. సారాయి, బీరు జోలికి పోకూడదు.

ఇది చదివి భయపడి మందు మీరే మానేయకండి. వారానికి ఒకటి, పరీక్షలతో, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా వాడితే మెథోట్రెక్సేట్ లక్షల మంది కీళ్ళను వంకరపోకుండా కాపాడుతోంది. ఈ వారం ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ మందులన్నీ ముందు పెట్టుకుని, ఏది రోజుది, ఏది వారానిది, ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరునో మందుల షాపు ఫార్మసిస్టునో అడిగి ఒక కాగితం మీద రాసి, మందుల డబ్బా మూతకు అంటించండి.